పాతిక తూటాల ఖాళీ పెట్టె

ఈ శీర్షికలో ఇంతవరకూ స్టాంపులు, పాత నాణేలు, గ్రామఫోన్ రికార్డులు, అమ్మమ్మల నాటి ఇత్తడి సామాన్ల గురించి చెప్పుకున్నాం. ఈసారి సంగతి వింటే కొందరు కళ్ళజోడు సవరించుకుంటారేమో! పాత జర్మన్ పిస్తోలు తూటాల పెట్టెలు. తూటాలు కాదండోయ్, పెట్టెలు. అట్టవి. ఖాళీవి.

దీని వెనక మా ఇంట్లో జరిగిన చిన్న సైజు యుద్ధం ఒకటుంది. కొన్నేళ్ళ క్రితం మాట, మావాడు ఏడో తరగతిలో ఉన్నాడు. షాంటిలీలో ఉండేవాళ్ళకి డల్లస్ ఎక్స్‌పో సెంటర్ గురించి చెప్పక్కర్లేదు. ఒక వారం పెళ్ళిబట్టల మేళా, ఒక వారం పడవల ప్రదర్శన, ఇంకో వారం తుపాకుల సంత. మావాడి స్నేహితుడి తండ్రి మిలటరీలో చేసి రిటైరైన మనిషి. ఆయన తన కొడుకుతోపాటు మావాణ్ణి కూడా ఆ సంతకి తీసుకెళ్తానంటే, నేనూ తోడు వెళ్ళాను. మా ఆవిడకి "ఎక్స్‌పోకి వెళ్తున్నాం" అని మాత్రమే చెప్పాను. అది అబద్ధం కాదు కదా!

లోపల బల్లల మీద బల్లలు. ఒక మూల తుపాకులతో పనిలేని ముసలాయన ఒకడు పాత కాగితాలు, బ్యాడ్జీలు, ఖాళీ అట్టపెట్టెలు పరుచుకుని కూర్చున్నాడు. మావాడు అక్కడే ఆగిపోయాడు. వాడికి నచ్చింది అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన ఒక పెట్టె. వెలిసిపోయిన రంగు, ఒక మూల చిరుగు, మీద గుండ్రటి జర్మన్ అక్షరాలు. 25 తూటాలు, 7.65 మిల్లీమీటర్లు, బ్రౌనింగ్. మన అమెరికాలో పాయింట్ 32 ఏసీపీ అంటారే, అదే. 12 డాలర్లు. వాడి పుట్టినరోజు డబ్బుల్లోంచి వాడే ఇచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక ఏమైందో చెప్పేముందు ఆ పెట్టె మీద ఏముందో చెబుతాను. అక్కడే అసలు రుచి ఉంది.

కంపెనీ పేరు బెర్లిన్-కార్ల్స్‌రూహర్ ఇండుస్ట్రీవెర్కె. చదవడానికి పప్పు రుబ్బే మెషిన్లు చేసే కంపెనీలా ఉంటుంది. నిజానికి అది 1896లో పుట్టిన డీడబ్ల్యూఎం. ఆ మూడు అక్షరాలకీ అర్థం "జర్మన్ ఆయుధాల, మందుగుండు ఫ్యాక్టరీలు" అని. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడిపోయి, వెర్సాయ్ సంధి వచ్చి, ఆయుధాల తయారీకి కళ్ళెం పడ్డాక 1922లో పేరులోంచి ఆయుధమన్న మాట తీసేశారు. 1936లో, హిట్లర్ కాలంలో, మళ్ళీ పాత పేరు తగిలించుకున్నారు. అంటే ఈ కొత్త పేరున్న పెట్టె ఆ పద్నాలుగేళ్ళ మధ్యది. తేదీ ఎక్కడా లేకపోయినా పేరే తేదీ చెప్పేసింది! మావాడికి ఇది చెప్పినప్పుడు వాడి మొహం చూడాల్సింది.

పెట్టెల వయసు కనుక్కోవడానికి ఇలాంటి గుర్తులు చాలా ఉన్నాయి. ఆర్‌డబ్ల్యూఎస్, గెకో అనే కంపెనీల పెట్టెల మీద "సినాక్సిడ్" అన్న మాట కనిపిస్తే అది 1928కి ముందుది కాదు. తుపాకీ గొట్టాన్ని తుప్పు పట్టించని మందు అప్పుడే వచ్చింది మరి. సైన్యం పెట్టెలైతే ఇంకా వాగుడుకాయలు. పిస్టోలెన్‌పట్రోనెన్ 08 అని రాసిన పెట్టెలో సరిగ్గా 16 తూటాలు పట్టేవి. ఎందుకు 16? లూగర్ పిస్తోలు మ్యాగజైన్‌లో 8 పడతాయి, అవి రెండు మ్యాగజైన్లకి. లేబుల్ మీద మందు ఎక్కడ చేశారు, గుండు ఎక్కడ చేశారు, తొడుగు ఎక్కడ చేశారు, ఏ సంవత్సరం, ఎన్నో విడత, అన్నీ వరసగా అచ్చువేసేవారు. తూటా వెనక ఉండే నిప్పురవ్వ ముక్కని వాళ్ళు త్సుంట్‌హ్యూట్‌షెన్ అంటారు. మాటకి మాట పెడితే "చిన్న నిప్పు టోపీ". యుద్ధం ముదిరేకొద్దీ ఇత్తడి తొడుగు పోయి లక్క పూసిన ఉక్కు తొడుగు వచ్చింది, గుండులో సీసం తగ్గి ఇనుము చేరింది. అదీ లేబుల్ మీద పొడి అక్షరాల్లో ఉంటుంది. ఒక దేశం గిన్నెలు అడుగంటడం అట్టపెట్టె మీద చదువుకోవచ్చు.

సరే, ఇంటికి వచ్చాం.

మా ఆవిడ పెట్టె చూసింది. ఏమిటని అడిగింది. చెప్పాం. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "ఇది ఇంట్లో ఉండడానికి వీల్లేదు" అంది. ఖాళీ పెట్టె అన్నాను. చరిత్ర అన్నాను. "ఏ ఊళ్ళో ఉన్నామో మర్చిపోయావా?" అంది.

మర్చిపోలేదు. షాంటిలీలో ఎవరూ మర్చిపోరు. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మందిని ఒక విద్యార్థి కాల్చి చంపాడు. వాళ్ళలో ఇద్దరమ్మాయిలు మన షాంటిలీ వెస్ట్‌ఫీల్డ్ హైస్కూల్లో చదువుకుని వెళ్ళినవాళ్ళు. కాల్చినవాడూ అదే స్కూలు. తమిళనాడు నుంచి వచ్చిన ఇంజనీరింగ్ ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ క్లాసులో పాఠం చెబుతూ పోయారు. ఆ రోజు మా వీధిలో ఎవరింట్లో టీవీ ఆపలేదు. వాడి చేతిలో ఉన్న రెండు పిస్తోళ్ళలో ఒకటి 9 మిల్లీమీటర్లది.

ఈ 9 మిల్లీమీటర్ల తూటా ఎక్కడిదో తెలుసా? ఈ డీడబ్ల్యూఎం కంపెనీదే. 1902లో గెయార్గ్ లూగర్ అనే ఇంజనీరు తయారుచేశాడు. 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో సైన్యం తీసుకున్నాయి. ఆ పైన పేరులో ఉన్న 08 అదే. దాన్ని పారాబెల్లం అంటారు. లాటిన్‌లో "యుద్ధానికి సిద్ధపడు" అని. శాంతి కావాలనుకునేవాడు యుద్ధానికి సిద్ధపడాలన్న పాత సామెతలోంచి తీసి, కంపెనీ తన టెలిగ్రాం చిరునామాగా పెట్టుకుంది. నూట ఇరవై ఏళ్ళు దాటినా ప్రపంచంలో సైన్యాలూ పోలీసులూ ఎక్కువగా వాడే పిస్తోలు తూటా ఇప్పటికీ అదే. ఇది నేను మా ఆవిడకి సమాధానంగా చెప్పలేదు. ఆవిడ చెప్పినదాంట్లో ఎంత నిజముందో వెతుక్కుంటూ పోతే నాకు తెలిసింది.

అప్పుడు మా మావయ్యగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. శాఖా గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. రెండు పక్షాల వాదనా విని, ఏమీ మాట్లాడకుండా ఆ పెట్టెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశారు. ఈలోపు మావాడు చిరిగిన మూలకి స్కాచ్ టేపు అంటించబోతున్నాడు. "ఒరేయ్ ఒరేయ్, ఆగు!" అని ఆయన అరిచిన అరుపుకి పక్కింటి కుక్క కూడా మొరిగింది.

"టేపు వేస్తే పదేళ్ళలో జిగురు పసుపుపచ్చగా దిగి కాగితాన్ని తినేస్తుంది. మా లైబ్రరీలో ఇలా ఎన్ని పుస్తకాలు పోయాయో!" అన్నారు. మరి దేనితో అతకాలి తాతయ్యా అంటే, తన కాలంలో బైండింగుకి మైదా పిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాళ్ళమని చెప్పారు. పాత పెట్టెకి అదీ వద్దు సుమా. మ్యూజియంవాళ్ళు గోధుమల నుంచి తీసిన శుద్ధమైన పిండిపదార్థంతో చేసిన గంజి, పల్చటి జపాన్ కాగితం వాడతారు. ఆ గంజి తర్వాత ఎప్పుడైనా తడి చేసి ఊడదీయొచ్చు. మావయ్యగారి సలహా మాత్రం చిరుగుని అలాగే వదిలెయ్యమని. చిరుగు కూడా దాని వయసే.

పిల్లలూ, మీలో ఎవరికైనా ఇలాంటి పాత అట్టపెట్టెలు (తూటాలవే కానక్కర్లేదు, సబ్బులవి, బిస్కట్లవి, క్రేయాన్లవి) దాచే సరదా ఉంటే ఇది చదవండి. పాత అట్ట అంటే కలప గుజ్జు. దానిలోనే ఆమ్లం ఉంటుంది, దాన్ని అదే మెల్లగా తినేస్తుంది. ఎండ తగిలితే ఇంకా త్వరగా. కనుక కిటికీ పక్కనున్న షెల్ఫ్ మీద పెట్టకండి. వర్జీనియా వేసవిలో అటక వేడికి అట్ట పెళుసెక్కుతుంది, బేస్‌మెంట్‌లో చెమ్మకి బూజు పడుతుంది, వెండిచేపల్లాంటి సిల్వర్‌ఫిష్ పురుగులు లేబుల్ జిగురుని నాకేస్తాయి. మనం పడుకునే గదిలోని అల్మరాయే మేలు. మనకి హాయిగా ఉండే చోటే దానికీ హాయి. ఆమ్లం లేని పెట్టెలు, కాగితాలు ఆర్కైవ్ సామాన్లమ్మే చోట దొరుకుతాయి. ప్లాస్టిక్ కవరు వాడితే పాలిస్టర్‌ది వాడండి. వాసనొచ్చే మెత్తటి పీవీసీ వద్దు. రబ్బరుబ్యాండు అసలే వద్దు, అది కరిగి అంటుకుపోతుంది. తడిగుడ్డతో తుడవకండి, మెత్తటి పొడి బ్రష్ చాలు. పట్టుకునేముందు చేతులు కడిగి ఆరబెట్టుకోండి. పాత తూటాల పెట్టెలైతే పట్టుకున్న తర్వాత కూడా కడగాలి. సీసం గుళ్ళు దశాబ్దాలు అట్టలో ఉంటే అట్టలోని ఆవిర్లకి తెల్లటి పొడి పడుతుంది. అది విషం.

అన్నట్టు, దొంగ పెట్టెలు పట్టుకునే కిటుకు ఒకటుంది. ఈ పెట్టెలకి గిరాకీ పెరిగి, కొత్తగా అచ్చేసి కాఫీనీళ్ళలో ముంచి పాతవని అమ్మేవాళ్ళు తయారయ్యారు. హాలోవీన్‌కి కొనే బ్లాక్‌లైట్ తెచ్చి చీకటిగదిలో వెయ్యండి. కాగితం నీలంగా తెల్లగా మెరిసిపోతే అనుమానించాల్సిందే. కాగితాన్ని తెల్లగా కనిపించేలా చేసే ఆ రసాయనాలు మామూలుగా వాడుకలోకి వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. మావాడు దుప్పటి కప్పుకుని మరీ ఈ పరీక్ష చేశాడు. పెట్టె మెరవలేదు. వాడి టీషర్టు మాత్రం ధగధగలాడింది.

ఇక పెద్దలకి. నిండు పెట్టె, అంటే లోపల తూటాలున్న పెట్టె, వేరే సంగతి. సేకరించేవాళ్ళలో అలాంటివి దాచేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి ఇంటర్నేషనల్ అమ్యునిషన్ అసోసియేషన్ అని సంఘమే ఉంది, దాని పత్రికలో లోతైన పరిశోధన వస్తుంది. కాని పిల్లలున్న ఇంట్లో నిండు పెట్టె వద్దని నా అభిప్రాయం. పాత ఇల్లు కొన్నప్పుడు గరాజ్‌లోనో అటకమీదో ఇలాంటివి కనబడితే ముట్టుకోకుండా పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి అడగండి. ఇంకో ముఖ్యమైన మాట. ఒక్క తూటా కూడా, చివరికి పేలిన తూటా తొడుగు కూడా ఇండియా వెళ్ళే సూట్‌కేసులో ఉండకూడదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేని తూటా నేరం. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క తూటాకి ఎయిర్‌పోర్టులో ఆగిపోయి, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళున్నారు. పిల్లల స్కూలుబ్యాగు అడుగు కూడా ఒకసారి దులిపి చూసుకోండి.

మళ్ళీ మా ఇంటి గొడవకి వస్తాను. మర్నాడు మావయ్యగారు మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "దీన్ని దాచాలా వద్దా అని తర్వాత చూద్దాం. ముందు ఇదేమిటో కనుక్కుందాం. గ్రంథాలయంలో కార్డు లేని పుస్తకం ఉన్నట్టా లేనట్టా?" అన్నారు. ఇద్దరూ కలిసి రెండు వారాలు చదివారు. నేనూ చెయ్యి వేశాను.

పెట్టె కార్ల్స్‌రూహెది. ఆ ఊళ్ళో ఈ కంపెనీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కట్టిన పెద్ద ఫ్యాక్టరీ భవనం ఇంకా ఉంది. పైకప్పు అద్దాల్లోంచి వెలుతురు పడే పది చావళ్ళ భవనం. రెండో ప్రపంచయుద్ధంలో అక్కడ వేలమంది చేత బలవంతంగా పనిచేయించారు. ఇప్పుడది జడ్‌కేఎం అనే కళల కేంద్రం. 1997లో అందులోకి వచ్చింది. తూటాలు చేసిన చోట పిల్లలు వీడియో బొమ్మలతో ఆడుకుంటున్నారు. మావాడికి ఇది బాగా నచ్చింది.

తర్వాత వాడు రహస్య అక్షరాల జాబితా పట్టుకున్నాడు. ఫ్యాక్టరీ ఎక్కడుందో శత్రువుకి తెలియకూడదని జర్మన్లు లేబుల్ మీద పేర్లు మాని ముందు అంకెలు, 1940 నుంచి చిన్నబడి అక్షరాలు వేసేవారు. ఎఫ్-ఎ-ఎ అంటే కార్ల్స్‌రూహె, ఎ-ఎస్-బి అంటే బెర్లిన్‌లోని బోర్సిగ్‌వాల్డె. వాడికిది పజిల్‌లా ఉంది. వరసగా చదువుకుంటూ పోతూ కె-ఎ-ఎమ్ దగ్గర ఆగాడు. అది పోలండ్‌లోని స్కార్జిస్కో-కామియెన్నా. జర్మన్లు పోలండ్‌ని ఆక్రమించుకున్నాక అక్కడి ఫ్యాక్టరీని హసాగ్ అనే కంపెనీకి అప్పగించారు. 1942 నుంచి 1944 దాకా యూదుల్ని నిర్బంధ శిబిరంలో ఉంచి పనిచేయించారు. ఒక విభాగంలో పిక్రిక్ ఆమ్లంతో పని చేసీ చేసీ వాళ్ళ చర్మం, జుట్టు పసుపుపచ్చగా మారిపోయేవి. వేలమంది బతకలేదు. లేబుల్ మీద మాత్రం మూడు చిన్న అక్షరాలు, ఒక అంకె.

మావాడు ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కాని రాత్రి ఆవిడే వాడి పక్కన కూర్చుని మిగిలింది చదివింది. తర్వాత శనివారం వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియానికి తీసుకెళ్ళిందీ ఆవిడే. (1993లో తెరిచారు. ప్రధాన ప్రదర్శన 11 ఏళ్ళు దాటిన పిల్లలకే మంచిదని వాళ్ళే చెబుతారు. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు గమనించండి.) వచ్చేటప్పుడు కారులో ఎవరం మాట్లాడలేదు.

మన ఊళ్ళోనే ఉన్న ఉద్వార్-హేజీ సెంటర్‌కి చుట్టాలు వచ్చినప్పుడల్లా వెళ్తాం కదా. 2003లో తెరిచారు. హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానం అక్కడే ఉంది. దానికి కొంచెం దూరంలో జర్మన్ల జెట్ బాంబర్ అరాడో 234 ఉంది, ప్రపంచంలో మిగిలింది అదొక్కటే. తళతళలాడుతూ ఉంటాయి. ఎనోలా గే పక్కన ఎంత రాయాలి, ఏం రాయాలి అని 1995లో పెద్ద రభసే అయింది. పై అంతస్తు నుంచి కిందికి చూస్తే పాత విమానాల్ని బాగుచేసే షెడ్డు కనిపిస్తుంది. అక్కడ మావయ్యగారు మనవడితో, "చూశావా, వస్తువు దాచడానికి అంతమంది ఉన్నారు. పక్కన పెట్టే కార్డు మీద ఏం రాయాలన్నదగ్గరే దెబ్బలాడుకున్నారు" అన్నారు.

పెట్టె ఉండిపోయింది. మా ఆవిడ షరతులు మూడు. ఈ ఇంట్లోకి తూటా రాకూడదు. స్వస్తిక్ గుర్తున్న వస్తువు ఏదీ షోకేసులో పెట్టకూడదు (మన స్వస్తిక్ దేవుడి గదిలో ఉంది, రెంటికీ తేడా వచ్చే ప్రతి స్నేహితుడికీ చెప్పే ఓపిక తనకి లేదట). మూడోది, ప్రతి పెట్టెతోపాటు దాని కార్డు ఉండాలి, కార్డు లేని పెట్టె చెత్తబుట్టలోకే. వాడు ఆమ్లం లేని కార్డు మీద పెన్సిల్‌తో (సిరా కారుతుంది, పెన్సిల్ కారదు) ఇంగ్లీషులోనూ, తాతయ్య కూడబలికి చెబుతుంటే తెలుగులోనూ రాశాడు. ఎక్కడ కొన్నది, ఎంతకి కొన్నది, కంపెనీ పేరు ఎప్పుడు ఎందుకు మారింది, ఆ భవనంలో తర్వాత ఎవరిచేత పనిచేయించారు, ఇప్పుడక్కడ ఏముంది. చివర మా ఆవిడ ఒక వాక్యం రాయించింది. 2007, ఏప్రిల్ 16. "దానికీ ఈ పెట్టెకీ నేరుగా సంబంధం లేదు కదమ్మా" అన్నాడు వాడు. "కంపెనీ ఒకటే కదా, రాయి" అంది. రాశాడు.

ఇప్పుడు వాడి దగ్గర పదకొండు పెట్టెలున్నాయి. పదకొండు కార్డులున్నాయి.

ఒకసారి మాటల్లో మావాడికి చెప్పాను. మా చిన్నప్పుడు దీపావళికి రేకు తుపాకీలో పెట్టి పేల్చే బిళ్ళలు గుండ్రటి చిన్న అట్టడబ్బాలో వచ్చేవి, మూత మీద బొమ్మ ఉండేది, నిజం చెప్పాలంటే అవీ పిస్తోలు తూటాల పెట్టెలే, ఒక్కటీ దాచుకోలేదని. వాడు వెంటనే తాతయ్యకి ఫోన్ చేశాడు. ఆయన అప్పటికి ఇండియా వెళ్ళిపోయారు. వారం తర్వాత ఆయన దగ్గర్నుంచి ఫోన్.

"అల్లుడుగారూ, మనవడు అడిగిన డబ్బా అటకమీద దొరికిందండీ. మీ ఆవిడ చిన్నప్పటిదే. దీపావళికి మా వీధిలో తుపాకీ కింద పెట్టని పిల్ల అదొక్కతే. బొమ్మ కూడా చెక్కుచెదరలేదు. కాకపోతే మీ అత్తయ్యగారు అందులో పిన్నీసులు దాచుకుంటున్నారట. ఇవ్వనంటున్నారు."